పైన పటారం, లోన లొటారం: పాత బోటు బేరంలో మునిగిపోతున్న మత్స్యకారులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మన తూర్పు తీరంలో వేట నిషేధం అమలులో వుంటుంది. మరబోట్లు రేవు పడతాయి. ఫైబర్ బోట్లు ఒడ్డెక్కుతాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ఈ రెండు నెలల్లోనే మన కాకినాడ తీరంలో మరో వ్యాపారం జోరుగా సాగుతుంది. అది పాత బోట్ల బేరం. ఒడ్డున వరసగా నిలబెట్టిన బోట్లలో కొన్నింటికి ఉన్నట్టుండి కొత్త రంగు పడుతుంది. నీలం, ఎరుపు, పసుపు చారలు మెరుస్తుంటాయి. అణియం మీద కొత్త పూలదండ కూడా కనిపిస్తుంది. పక్కనే ఒక మధ్యవర్తి గొడుగు వేసుకుని నిలబడి వుంటాడు. ఎవరైనా ఆగి చూస్తే చాలు, “రా అన్నా, బోటు చూడు, ముత్యంలా వుంది” అంటాడు.

ఆ ముత్యం లోపల ఏముందో చూడకుండా కొన్న కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో వున్నాయి. అందులో మా కుటుంబమూ ఒకటి. ఇది రాయడానికి మొదట మొహమాటపడ్డాను. కాని మరో నలుగురికి కనువిప్పు కలుగుతుందంటే ఇంటి గుట్టు వీధిలో పెట్టినా తప్పులేదనిపించింది.

బావ కొన్న బోటు

మా అక్క మొగుడు పాతికేళ్లుగా వేటకు వెళుతున్న మనిషి. సముద్రం తెలుసు, గాలి తెలుసు, చేప తెలుసు. అంతకాలం ఒకరి బోటు మీద కలాసీగా పనిచేశాడు. సొంత బోటు వుండాలన్నది ఆయన కోరిక. 2024 మే నెలలో ఒక మధ్యవర్తి మరో రేవు నుంచి తెచ్చిన ఫైబర్ బోటును చూపించాడు. ధర 2,80,000 రూపాయలు. ఇంజను, రెండు వలలు అందులోనే అన్నాడు. అక్క నగలు తాకట్టు పెట్టి 80,000 తెచ్చాడు. మిగతా రెండు లక్షలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తీసుకున్నాడు. అంటే నెల తిరిగేసరికి వడ్డీయే ఆరు వేలు.

బోటును ఆయన చూసింది ఇసుక మీద, ఒక మధ్యాహ్నం, గంటసేపు. చేత్తో తడిమాడు. రంగు బాగుందన్నాడు. అప్పటికే వేడెక్కి వున్న ఇంజనును మధ్యవర్తి ఒక్క లాగుడుకే స్టార్టు చేసి చూపించాడు. అడుగు తిరగేసి చూద్దామని పక్కనే వున్న ముసలి సరంగు ఒకాయన అన్నాడట. “తాతా, మనవాళ్ల దగ్గర అంత అనుమానం దేనికి?” అని మధ్యవర్తి నవ్వేశాడట. బావకు మొహమాటం అడ్డొచ్చింది. అడ్వాన్సు ఇచ్చేశాడు.

జూలై నెలలో ఒకరోజు ఒడ్డుకు తిరిగి వస్తుండగా గాలి ముదిరింది. ఇంజను బిగించిన వెనుక పలక, అంటే అమరం దగ్గర పలక, పైనుంచి కిందికి చీలింది. నీళ్లు లోపలికి వచ్చాయి. బోటులో బావతో కలిపి ఐదుగురు. రెండు గంటలపాటు ప్లాస్టిక్ డబ్బాలతో నీళ్లు తోడుకుంటూ వుంటే మరో బోటువాళ్లు చూసి తాడు వేసి లాక్కొచ్చారు. ఒడ్డున బోటు తిరగేసి చూస్తే సంగతి బయటపడింది. పలక లోపలి ప్లైవుడ్ ఎప్పుడో కుళ్లిపోయి పిండి అయిపోయింది. పైన రెండు పొరల ఫైబర్ అతికించి రంగు వేశారు. అడుగు దూలం వెంట కూడా మూడుచోట్ల అతుకులున్నాయి.

ఆ పలకకు, అడుగుకు 45,000 అయింది. ఇంజనుకు మరో 60,000. నలభై రోజులు వేట లేదు. సంవత్సరం వడ్డీ 72,000. మొత్తం కలిపితే 2,80,000 బోటు కాస్తా 4,57,000 అయి కూర్చుంది. చవక అనుకున్న బేరం అలా ముగిసింది. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.

పాత బోటు ఎందుకు కొంటారు?

పాతది కొనడమే తప్పని నేను అనడం లేదు. కొత్త బోటుకు, కొత్త ఇంజనుకు పెట్టే సొమ్ము కలాసీ కుటుంబం దగ్గర ఎక్కడ వుంటుంది? 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో బోట్లకు సబ్సిడీ వుంది. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం. కాని మిగతా వాటా లబ్ధిదారుడే తెచ్చుకోవాలి. బ్యాంకు హామీ అడుగుతుంది. అంతకంటే వడ్డీ వ్యాపారి గుమ్మమే దగ్గర. కాబట్టి పాత బోటే పేదవాడికి మొదటి మెట్టు. ఆ మెట్టు విరిగిపోకుండా చూసుకోవడమే ఇక్కడ ప్రశ్న.

ఒకప్పుడు ఈ ఇబ్బంది ఇంతగా లేదు. తెప్పగాని, చెక్క నావగాని ఎవరు కట్టారో, ఏ కర్రతో కట్టారో వూరంతటికీ తెలిసేది. తాళ్లరేవు, కోరంగి ప్రాంతం పడవల తయారీకి పేరు పడిన చోటు. నావ వయసు మేస్త్రి నోటే వినేవారు. ఫైబర్ వచ్చిన తర్వాత లోపలి సంగతి రంగు కింద దాగిపోయింది. ఒక బోటు మూడు రేవులు, నలుగురు యజమానులు మారి మన ఒడ్డుకు వస్తున్నది. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు ఎవరూ వుండరు.

అడుగు చూడనిదే అడ్వాన్సు వద్దు

మేస్త్రీలు, మెకానిక్కులు, పాత సరంగులు చెప్పిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. బోటును పూర్తిగా ఒడ్డెక్కించి, ఒరగదీసి, పొడిగా ఆరిన తర్వాత చూడాలి. ఫైబర్ బోటయితే ఒక రూపాయి బిళ్లతోగాని, చిన్న సుత్తి పిడితోగాని అణియం నుంచి అమరం దాకా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రావాలి. గట్టిగా వున్నచోట టక్కున ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట, లోపలి చెక్క కుళ్లినచోట బొద్దుగా, పగిలిన కుండలా మోగుతుంది. ముఖ్యంగా ఇంజను బిగించే వెనుక పలకను, ఇసుకలో రాసుకునే అడుగు దూలాన్ని వదలకూడదు. బొబ్బలు లేచినట్టు వుంటే ఫైబర్ పొరల్లోకి నీరు చేరిందని అర్థం. ఒకచోట మాత్రమే రంగు కొత్తగా, మందంగా వుంటే అక్కడ గీకి చూపించమని అడగాలి.

మరో సంగతి బరువు. బోటు మునగకుండా లోపలి అరల్లో థర్మోకోల్‌గాని, నురగ లాంటి ఫోముగాని నింపుతారు. ఆ అరకు పగులు వస్తే నీరు లోపలికి వెళ్లి తిరిగి రాదు. పదిమంది లాగే బోటును పధ్నాలుగు మంది లాగవలసి వస్తున్నదంటే ఆ నాలుగురి బరువు నీళ్లదే. అలాంటి బోటు డీజిలు ఎక్కువ తాగుతుంది. అల వచ్చినప్పుడు లేవడానికి బద్ధకిస్తుంది.

చెక్క బోటయితే చూసే తీరు వేరు. సముద్రపు నీటిలో చెక్కను తొలిచే పురుగు వుంటుంది. బయట సూదిమొనంత రంధ్రం, లోపల వేలు పట్టేంత సొరంగం. తారు పూసి, రంగు వేస్తే బయటికి ఏమీ కనిపించదు. అందుకే సన్నని మొనగల సూదితో నీటి గీతకు కింద, పలకలు కలిసే చోట్ల, మేకుల చుట్టూ పొడిచి చూడాలి. సూది మెత్తగా దిగిందంటే ఆ పలక ఆయుష్షు తీరినట్టే. ఇనుప మేకు చుట్టూ తుప్పు కారుతున్నదంటే, తుప్పు మేకును మాత్రమే కాదు, చుట్టూ వున్న చెక్కను కూడా తింటున్నదని తెలుసుకోవాలి. లోపలి పక్కటెముకలకు పక్కనే కొత్త కర్రలు జత చేసి వుంటే పాతవి ఎందుకు పనికిరాలేదో అడగాలి.

చల్లని ఇంజను నిజం చెబుతుంది

ఇంజనును వేడిగా వున్నప్పుడు చూడరాదు. తెల్లవారి, ముందు చెప్పకుండా వెళ్లి, చేయి పెట్టి చల్లగా వుందని నిర్ధారించుకుని అప్పుడు స్టార్టు చేయించాలి. అరిగిన ఇంజను పొద్దున్నే మొండికేస్తుంది. ఎంత సేపటికీ నీలం పొగ తగ్గకపోతే ఆయిలు కాలుతున్నది. తెల్లపొగ ఆగకుండా వస్తే డీజిలు సరిగా మండటం లేదు, లేదా నీరు లోపలికి చేరుతున్నది. నల్లపొగ దట్టంగా వస్తే ఇంజను మోయలేని బరువు మోస్తున్నది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడాలి. ఆయిలు మజ్జిగలా తెల్లబారి వుంటే నీళ్లు కలిశాయి. ఆ బేరం అక్కడితో చాలించి ఇంటికి రావచ్చు.

ఒడ్డున తిరిగిన ఇంజను నీళ్లలో తిరుగుతుందన్న హామీ లేదు. కనీసం గంటసేపు బోటును నీళ్లలో నడిపి చూడాలి. నిషేధ కాలంలో వేటకు వెళ్లరాదు గనుక ఈ పరీక్షకు ముందుగా మత్స్యశాఖ వారిని అడగడం మంచిది. కుదరకపోతే బేరం రాసుకుని, సొమ్ములో సగం జూన్ 14 తర్వాత బోటు నడిపి చూశాకే ఇస్తామని కాగితం మీద పెట్టుకోవాలి. నిజాయితీ వున్న అమ్మకందారు దీనికి కాదనడు.

కాగితం లేని బోటు ఎవరి బోటు?

ఇప్పుడు అసలు చిక్కు. బోటును కళ్లతో చూస్తాం, కాగితం సంగతి మరచిపోతాం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ప్రకారం బోటుకు రిజిస్ట్రేషను, లైసెన్సు వుండాలి. కేంద్రం నడిపే రియల్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ పద్ధతిలో ఆ వివరాలు నమోదవుతున్నాయి. బోటు పక్కన రాసిన నంబరు, కాగితం మీది నంబరు, ఇంజను మీద చెక్కిన నంబరు సరిపోవాలి. పక్కనే వున్న యానాం నుంచి వచ్చిన బోటయితే అది పుదుచ్చేరి రిజిస్ట్రేషను. తమిళనాడు, ఒడిశా బోట్లూ వస్తుంటాయి. అక్కడి శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రాకుండా ఇక్కడ మన పేరున మారదు. అది రాసేసరికి నెలలు గడిచిపోవచ్చు. ఆ సంగతి మధ్యవర్తి చెప్పడు.

మా బావ బోటు కాగితం ఇద్దరు యజమానుల వెనుకటి మనిషి పేరున వుంది. ఆయన ఎక్కడున్నాడో అమ్మినవారికే తెలియదు. 2025లో వేట నిషేధ భృతిని 20,000 రూపాయలకు పెంచి ఏప్రిల్ 26న అందరి ఖాతాల్లో వేశారు. బావకు, ఆయనతో వేటకు వెళ్లే నలుగురికి మాత్రం రాలేదు. బోటు పేరు మారలేదు గనుక ఆ బోటు మీద మనుషుల పేర్లు జాబితాకు ఎక్కలేదన్నారు. ఐదు కుటుంబాలకు కలిపి లక్ష రూపాయలు పోయాయి. డీజిలు మీద లీటరుకు 9 రూపాయల రాయితీని 2019లో ప్రకటించారు. కాగితం లేని బోటుకు అదీ అందదు. యజమాని చేసిన పొరపాటుకు కలాసీలు కూడా నష్టపోవడం శోచనీయం. ఆ నలుగురిలో ఒకరి భార్య మా అక్క ఇంటికి వచ్చి, “వదినా, మీరు కొనేటప్పుడు కాస్త కాగితం చూసుకోవలసింది కదా” అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. ఆ మాటకు మా అక్క దగ్గర జవాబు లేదు.

కాగితంతోపాటు అప్పులు కూడా అడగాలి. బోటు మీద బ్యాంకు అప్పుందా? సబ్సిడీ బోటయితే అమ్మడానికి శాఖ అనుమతి వుందా? చేపల సావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరిందా? తీరకపోతే మన వేట ఒడ్డుకు రాగానే ఆ సావుకారు మనిషి తక్కెడతో వచ్చి నిలబడతాడు. అన్నదమ్ముల ఉమ్మడి బోటయితే వాటాదారులందరి సంతకాలు వున్నాయా? చనిపోయిన అన్న భార్యకు వాటా వుండి, ఆమెకు తెలియకుండా మరిది అమ్మేస్తే రేపు ఆమె వచ్చి పెద్దల ముందు ఏడిస్తే న్యాయం ఆమెదే అవుతుంది, సొమ్ము మనది పోతుంది.

బీమా సంగతీ అంతే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో మంటలు లేచి 30కి పైగా బోట్లు కాలిపోయాయి. నష్టంలో 80 శాతం ప్రభుత్వం ఇస్తుందని అప్పుడు ప్రకటించారు. ప్రతి ప్రమాదానికీ ప్రభుత్వం వస్తుందని కూర్చోలేము. బీమా కావాలంటే కాగితం మన పేరున వుండాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

అడగడం అవమానం కాదు

ఇన్ని తెలిసినవారు కూడా ఎందుకు మోసపోతున్నారు? నాకు తోచిన కారణం ఒకటే. మొహమాటం. అమ్మేవాడు మన కులంవాడు, మన చుట్టం, లేదా మన చుట్టానికి చుట్టం. అడుగు తిరగేయమంటే అనుమానించినట్టు, కాగితం చూపమంటే దొంగ అన్నట్టు అనుకుంటారు. పిల్ల సంబంధానికి వెళితే మూడు తరాలు అడిగే మనం, ఐదుగురి ప్రాణాలు మోసే బోటు గురించి మూడు ప్రశ్నలు అడగలేకపోతున్నాం.

అమ్మేవారందరూ మోసగాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో కన్నీళ్లతో బోటు అమ్ముకునేవారూ వున్నారు. మధ్యవర్తుల్లోనూ మాట మీద నిలబడేవారున్నారు. తనిఖీ జరిగితే అలాంటివారికే మేలు. మంచి బోటుకు మంచి ధర పలుకుతుంది. ఇప్పుడు రంగు వేసిన కుళ్లు బోటుకూ, జాగ్రత్తగా చూసుకున్న బోటుకూ ఒకే ధర కడుతున్నారు. ఇది న్యాయంగా అమ్మేవాడికి కూడా అన్యాయమే.

ఈ మొహమాటం ఒక్కొక్కరు విడిగా పోగొట్టుకోగలిగేది కాదు. ఊరు కట్టుబాటు చేస్తే పోతుంది. ప్రతి రేవులోనూ మత్స్యకార సహకార సంఘం, ఊరి పెద్దలు కలిసి నిషేధ కాలంలో వారానికి ఒకరోజు పెట్టాలి. అమ్మే బోట్లు ఆ రోజు అందరి ముందు ఒరగదీయాలి. ఒక మేస్త్రి, ఒక మెకానిక్కు, ఒక పాత సరంగు చూసి వున్నది వున్నట్టు చెప్పాలి. వారి కూలి కొనేవారు, అమ్మేవారు చెరిసగం పెట్టుకోవాలి. అందరి బోటూ తిరగేస్తే ఎవరినీ అనుమానించినట్టు కాదు.

ప్రభుత్వం చేయవలసింది కూడా వుంది. లారీకి, బస్సుకు ఫిట్‌నెస్ కాగితం లేనిదే రోడ్డెక్కనివ్వరు. ఒడ్డుకు మైళ్ల దూరం వెళ్లే బోటు చేయి మారేటప్పుడు దాని అడుగు చూసే నాథుడు లేడు. గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులున్నారు. బోటు పేరు మార్పిడికి ముందు వారి చేత తనిఖీ చేయించి, అప్పులు, వాటాలు, నంబర్లు సరిచూసిన కాగితం ఒకటి ఇప్పించాలి. అమ్మకానికి వున్న బోట్ల జాబితా సచివాలయం బోర్డు మీద అంటించాలి. పేరు మార్పిడి ఇన్ని రోజుల్లో జరగాలని గడువు పెట్టాలి. దీనికి కొత్త కార్యాలయాలు, కోట్ల రూపాయలు అక్కర్లేదు. జిల్లా మత్స్యశాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిందిగా తీరప్రాంత ప్రజల తరఫున విజ్ఞప్తి చేస్తున్నాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన తీరాన్ని తాకినప్పుడు వేటకు వెళ్లి తిరిగిరానివారి ఇళ్లు ఈనాటికీ మన పల్లెల్లో వున్నాయి. తుఫాను మన చేతిలో లేదు. బోటు అడుగు చూసుకోవడం మన చేతిలో వుంది.

మా బావ ఇప్పటికీ ఆ బోటు మీదే వేటకు వెళుతున్నాడు. అప్పు తీరాలి గదా. ఆయన బయలుదేరిన ప్రతి తెల్లవారుజామునా మా అక్క ఒడ్డుకు వచ్చి వెనుక పలక వైపు ఒకసారి చూసి గాని ఇంటికి వెళ్లదు. ఈసారి మీరు బోటు బేరానికి వెళుతుంటే మీ ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్న వారే అడుగుతారు.